అంజవ్వ కస్టమ్స్

దేవేందర్ సెలవు అయిపోవచ్చిందనగానే ఎల్లారెడ్డిలో వాళ్లింటి ముందు రేకుల కింద నులకమంచం పడింది. మంచం మీద వాడి తల్లి అంజవ్వ కూర్చుంది. కుడిచేతి దగ్గర కత్తెర, ఎడమచేతి దగ్గర కొక్కెం కాంటా, కాళ్ల ముందు నోరు తెరుచుకున్న సూట్‌కేసు. ఇక ఆ ఇంట్లోంచి దుబాయికి చీమ పోవాలన్నా ఆమె అనుమతి కావాల్సిందే.

సెలవు మీద వచ్చినవాడు తిరిగి దుబాయి పోతున్నాడంటే ఊళ్లో సగం మంది చేతుల్లో పొట్లాలు పుట్టుకొస్తాయి. అక్కడున్న కొడుక్కో, అల్లుడికో, తమ్ముడికో మామిడికాయ తొక్కు, కజ్జికాయల్లాంటి గర్జెలు, కారప్పొడి, కొత్త లుంగీ. కాదనడానికి నోరు రాదు. వాళ్ల పిల్లగాడు పోయిననాడు వాడి సంచీలో మన పొట్లం పోలేదా? ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎన్నో ఏండ్ల నుంచి ఇట్లాగే నడుస్తోంది.

ఈసారి మాత్రం అంజవ్వకు భయం పట్టుకుంది. భిక్నూరు దిక్కు ఒకతను ఎవరో ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా పట్టుకుపోయాడట. విమానం దిగగానే అక్కడి కస్టమ్స్‌వాళ్లు సంచీ విప్పించారట. పొట్లంలో గసగసాలు దొరికాయట. మనం మాంసం కూరలో వేసుకునే గసగసాలే! ఆ దేశంలో అవి మత్తుమందు కిందికి వస్తాయి. అతను జైల్లో పడ్డాడు, బయటికొచ్చేసరికి కొలువు లేదు. ఈ సంగతి దేవేందరే ఒకనాడు అన్నం తింటూ తల్లికి చెప్పాడు. చెప్పి చెయ్యి కడుక్కుని పోయాడు. ఆమెకు మాత్రం ఆ పూట నుంచి కంటి మీద కునుకు లేదు.

అందుకే ఈ మంచం, ఈ కత్తెర.

మొదట దొరికింది నర్సింహులు. అబుదాబీలో ఉన్న బామ్మర్దికి ఒక్క లుంగీ పంపుతున్నానని మడత విప్పకుండా పెట్టబోయాడు. అంజవ్వ లుంగీని అరచేత్తో ఒత్తి చూసి, దీనికి ఎముకలెక్కడివని అడిగింది. విప్పితే బీడీ కట్టలు జలజలా రాలాయి. నర్సింహులు నవ్వుతూ అన్నీ ఏరుకున్నాడు. ఆ వెనుక సాలవ్వ వచ్చింది. ఆమె తెచ్చిన గర్జెల డబ్బాకు అడుగున నస్యం డబ్బీ, ఆ పక్కన డాక్టరు చీటీ లేని మోకాళ్లనొప్పుల గోలీలు. గర్జెలు లోపలికి పోయాయి, మిగతావి సాలవ్వ ఒడిలోకి తిరిగివచ్చాయి. పోతూ పోతూ సాలవ్వ, ఈమెను తీసుకపోయి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కూర్చోబెడితే ఆ వాసన చూసే కుక్కలకు ఇక పనుండదని గల్లీ అంతా వినేట్టు అన్నది. ఆ పొద్దటి నుంచి గల్లీలో ఆమె పేరు కస్టమ్సవ్వ అయింది. అంజవ్వకు కోపం రాకపోగా కొంగు సర్దుకుని ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

పొద్దు వాలే ముందు అంజవ్వ వదినె వచ్చి దుబాయిలో ఉన్న తన కొడుకు తిరుపతికని కారప్పొడి పొట్లం ఇచ్చింది. మనింటి పొట్లమే కదా అని అంజవ్వ దాన్ని విప్పకుండా, కాంటాకు తగిలించి బరువు చూసి సూట్‌కేసులో పెట్టేసింది. వదినె చాయ తాగి వెళ్లింది.

ఆమె అటు పోగానే ఇటు హన్మవ్వ వచ్చింది.

హన్మవ్వది చర్చి గల్లీ. నాట్లకు పోయి నేరుగా వస్తున్నట్టుంది, కాళ్ల మీద మడి బురద ఎండి తెల్లబడింది. ఆమె కొడుకు సుందరూ దేవేందరూ చిన్నప్పుడు ఒకే సైకిలు మీద బడికి పోయినవాళ్లు. ఇప్పుడు దుబాయిలో ఒకే రూములో ఉంటున్నారు. అయినా హన్మవ్వ రేకుల కిందికి రాలేదు. వాన తుంపర పడుతున్నా వాకిట్లోనే నిలబడి, బట్టలో పెట్టి కుట్టిన చిన్న పొట్లాన్ని ముందుకు చాపింది.

"ఇందుల ఏమేమేసినవ్?" అని అడిగింది అంజవ్వ, మిగతావాళ్లను అడిగిన గొంతుతో కాదు, ఇంకో గొంతుతో.

మామూలు మసాలనే అక్కా, మటన్ల ఏసుకునేదన్నది హన్మవ్వ. మటన్‌లో వేసుకునేదాంట్లోనే గసాలుంటాయని అంజవ్వ అందుకుంది. మేము గసాలు ఎయ్యమక్కా అని ఆమె చెప్పింది. ఎయ్యమంటే నమ్ముడేనా, పొడి అయినంక లోపల ఏమున్నదో ఎవరికి కనబడతది అని ఈమె కత్తెర తీసుకుంది. బట్టను ఈ చివరి నుంచి ఆ చివరికి కోసి పాత పేపరు మీద కుమ్మరించి, వేలు తగలకుండా కత్తెర మొనతో అటూ ఇటూ కెలికింది. పేపరు పక్కకు జారి సగం మసాలా వాకిట్లో తడి మట్టిలో పడింది.

"పొడి పోదు," అన్నది అంజవ్వ.

వదినె ఇచ్చింది కూడా పొడే కదా అని అడగడానికి కోడలు నవత నోరు తెరవబోయి, అత్త ముఖం చూసి ఊరుకుంది. అసలు సంగతి గసగసాలది కాదని నవతకు తెలుసు. హన్మవ్వ ఎన్ని ఏండ్లు వాళ్ల పొలంలో నాట్లు వేసినా, ఆమె ఇంటి నీళ్లు అంజవ్వ ఒక్కనాడూ తాగి ఎరగదు. ఆ మాట ఎవరూ అనరు, అందరికీ తెలుసు. ఇప్పుడు దానికి దుబాయి రూలు సాకుగా దొరికింది.

హన్మవ్వ వంగి పేపరు మీద మిగిలినదాన్ని కొంగులోకి ఎత్తుకుంది. మట్టిలో పడ్డదాన్ని ముట్టుకోలేదు.

"మా సుందర్ ఫోన్ల అడిగిండక్కా. ఇంకేం వద్దు, జర మసాల పంపియ్యే అన్నడు," అని, కొంగు ముడివేసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాతి పొద్దున అంజవ్వ పప్పులో ఉప్పు వేసి, మరిచిపోయి మళ్లీ వేసింది. బర్రెను కట్టేయడం మరిచి తలుగు చేతిలో పట్టుకుని ఇంట్లోకి వచ్చింది. కండ్లజోడు తల మీద పెట్టుకుని ఇల్లంతా వెతికింది. పడుకుంటే కండ్ల ముందు ఆ భిక్నూరు అతనే వస్తున్నాడు, పక్కన తన కొడుకు వస్తున్నాడు. నిద్ర ఎక్కడిది?

నవత సర్కారు దవాఖానలో ఏఎన్ఎం. మొన్న ట్రైనింగులో డాక్టరు చెప్పింది అత్తకు చెప్పింది. మనం మెలకువగా ఉన్నంతసేపూ తలకాయలో చెత్త చేరుతూనే ఉంటుందట. నిద్రపోయినప్పుడు లోపల నీళ్లలాంటిది పారి ఆ చెత్తను కడిగేస్తుందట. నిద్ర లేకపోతే పనికిరానిది అక్కడే ఉండిపోయి, పనికొచ్చేది దాని కింద పడిపోతుందట. కాసేపు పడుకోమని బతిమాలింది.

గడప మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న మామ సిద్దిరాములు అది విని, అయితే మీ అత్త తలకాయలో ఈపాటికి ఎల్లారెడ్డి చెత్త మొత్తం జమ అయినట్టే, మున్సిపాలిటీ ట్రాక్టరును పిలవాలన్నాడు.

"కస్టమ్స్ ఆఫీసరు పండుకుంటడా?" అన్నది అంజవ్వ, నవ్వు రాకుండా.

ప్రయాణం ముందు రోజు సూట్‌కేసు సర్దారు. అంజవ్వ ఒక్కొక్క పొట్లాన్నీ మళ్లీ వాసన చూసి, తొక్కు సీసాలకు టేపు చుట్టి, గర్జెలు విరగకుండా లుంగీల నడుమ పెట్టింది. చివరికి వంటింట్లోంచి తన స్టీలు డబ్బా తెచ్చింది. కొడుకు సెలవు మీద వచ్చిన రోజున గిర్నీలో పట్టించిన మసాలా అది. ఆ పూట మటన్ తిన్న దేవేందర్ గిన్నె అడుగు కూడా నాకాడు. అప్పుడే ఆమె సగం మసాలా తీసి, డబ్బా మూతికి బట్ట కట్టి, వాడు పోయేనాటికని పై అరలో దాచిపెట్టింది. ఆ డబ్బా సూట్‌కేసు నట్టనడుమ కూర్చుంది. దాన్ని ఎవరు విప్పి చూస్తారు? చూడాల్సిన మనిషి ఆమే.

సూట్‌కేసు మూసి, టేపు చుట్టీ చుట్టీ, దాని మీద ప్లాస్టిక్ తాడు బిగించి, నాలుగు దిక్కులా నల్ల మార్కరుతో దేవేందర్ పేరు రాశారు. సిద్దిరాములు దాని మీద ఎక్కి కూర్చుని చూశాడు. ఏమీ కాలేదు.

పొద్దున్నే అందరూ కామారెడ్డి బస్సెక్కారు. అక్కడి నుంచి కాచిగూడ రైలు, రైలు దిగి విమానం. డ్రైవరు వెనుక రెండో సీట్లో అంజవ్వ, సిద్దిరాములు. వాళ్ల ముందు సీట్లో దేవేందర్, నవత. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలడం లేదు. బస్సు కదిలే వేళకు హన్మవ్వ ఉరుక్కుంటూ వచ్చి ఎక్కింది. ఉతికిన చీర కట్టుకుంది, ఒళ్లో ఒక గుడ్డసంచీ. దేవేందర్‌ను సాగనంపడానికి తానూ వస్తున్నానని అందరికీ కలిపి చెప్పి, పోయి చివరి సీట్లో కూర్చుంది.

అంజవ్వ మెడ తిప్పి ఆ సంచీని చూసింది. అందులో ఏముందో ఆమెకు విప్పకుండానే అర్థమైంది. స్టేషన్లో తాను అటు తిరగ్గానే ఈమె ఆ మసాలాను పిల్లగాడి చేతిసంచీలో పెట్టేస్తుంది. వాడు మొగమాటానికి కాదనడు. రైలు కదిలేదాకా కాపలా ఉండాల్సిందే, రెప్ప వేయొద్దని మొగునితో చెప్పింది. చెప్పి, లింగంపేట దాటి చల్లగాలి తగిలేసరికి తానే రెప్ప వేసింది. అన్ని రోజుల నిద్రా ఒక్కసారి వచ్చి మీద పడింది. బస్సు గుంతల్లో ఎగిరింది, కండక్టరు ఎవరితోనో చిల్లర కోసం కొట్లాడాడు, ఆమెకు ఏదీ వినబడలేదు. సిద్దిరాములు భుజం మీద తల పెట్టి, నోరు తెరిచి, హాయిగా నిద్రపోయింది. ఆయన ఆ భుజాన్ని కామారెడ్డి దాకా కదిలించలేదు.

బస్సు కామారెడ్డి ఊళ్లోకి మలుపు తిరిగేటప్పుడు ఆమెకు మెలకువ వచ్చింది. తల తేలిగ్గా ఉంది, కండ్ల మంట లేదు. ఎదురుగా కొడుకు వెనుక మెడ కనబడుతోంది. ఆ మెడ చూస్తుంటే వాడు వచ్చిన రోజు గుర్తొచ్చింది. గిర్నీ ముందు వరుసలో నిలబడటం గుర్తొచ్చింది. గిర్నీలో పోసే ముందు చాటలో అన్నీ కలపడం గుర్తొచ్చింది. ధనియాలు, ఎండుకొబ్బరి కుడుక, సాజీర, లవంగాలు, చెక్క, యాలకులు. ఆ పైన దుబాయి నుంచి వచ్చిన బిడ్డకు కూర చిక్కగా రావాలని, తన చేత్తో, ఒకటికి రెండు పిడికిళ్లు...

"ఓ దేవుడా," అన్నది అంజవ్వ మెల్లగా. "గసాలు."

భిక్నూరు సంగతి కొడుకు చెప్పింది మసాలా పట్టించిన తర్వాత. డబ్బా మూతికి బట్ట కట్టింది కూడా ఆ సంగతి వినకముందే. ఊరందరి పొట్లాలూ విప్పి చూసింది, తన డబ్బా ఒక్కటి చూడలేదు.

స్టేషన్‌కు చేరి ప్లాట్‌ఫారం మీద సూట్‌కేసు దింపగానే, తాడు విప్పమన్నది. సిద్దిరాములుకు కోపం వచ్చింది. రైలు వచ్చే వేళైంది, చుట్టిన టేపు చుట్టినట్టుంది, ఇప్పుడేం పుట్టిందని అడిగాడు. ఆమె సంగతి చెప్పింది. గట్టిగానే చెప్పింది, చుట్టూ ఉన్నవాళ్లు వినేట్టే చెప్పింది. దేవేందర్ ముఖం ఒక్క నిమిషం తెల్లబోయింది. సిద్దిరాములు మాత్రం చుట్టూ జనాన్ని చూసి నామోషీ పడి, పొడి చేసినంక ఏమున్నదో ఎవరికి తెలుస్తదన్నాడు.

"నాకు తెలుసు గద," అన్నది అంజవ్వ.

కత్తెర ఇంట్లో ఉంది. జాంపండ్లు అమ్ముకునే ఆమె దగ్గర కత్తి అడుక్కొచ్చి తాడు కోసింది, టేపు కోసింది. ఎండలో, అందరి కాళ్ల నడుమ, సూట్‌కేసు విప్పారింది. లుంగీలు, బనీన్లు, తొక్కు సీసాలు, గర్జెలు అన్నీ బయటపడ్డాయి. కూలీలు ఆగి చూశారు. ఎవరో చిన్నపిల్లను ఎత్తి చూపించారు. వాకిట్లో తాను ఇతరులకు చేసిన పని తనకు జరుగుతుంటే ఎట్లా ఉంటుందో అంజవ్వకు అప్పుడు తెలిసింది. చెవులు వేడెక్కాయి. స్టీలు డబ్బా తీసి పక్కన పెట్టింది. పెట్టి, ఆగకుండా, వదినె ఇచ్చిన కారప్పొడి పొట్లాన్ని కూడా కోసింది. అందులో కారం తప్ప ఏమీ లేదు. ప్లాట్‌ఫారం మీద సగం మంది తుమ్మారు. నవతకు ఏడుపు రావాల్సిన చోట నవ్వు వచ్చింది.

సూట్‌కేసు నడుమ డబ్బా ఉన్నచోట గుండ్రటి ఖాళీ మిగిలింది. అంజవ్వ ఆ ఖాళీని చూస్తూ కూర్చుంది. ఇక వీడు మసాలా లేకుండానే పోతాడని అన్నది. దేవేందర్ తల్లి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆడ వంట చేసేది సుందరే అవ్వా. నేను అంట్లు తోముత," అన్నాడు. "నీ మసాల అయిపోతే హన్మవ్వత్తది ఏస్తడు. ఎక్కువ దినాలు తినేది అత్తదే."

ఈ మాట వాడు ఇన్నేండ్లుగా తల్లికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకు అడగకుండానే తెలిసింది. కోపం వస్తుందేమోనని తనలో తానే వెతుక్కుంది, రాలేదు. ఎంత దూరంలో ఉన్నాడో, ఎవరు వండిపెడుతున్నారో అని ఎన్ని పూటలు అన్నం ముందు కూర్చుని కండ్లనీళ్లు పెట్టుకుందో! వండిపెట్టేవాడు ఒకడున్నాడన్న నిమ్మళమే ఆమెకు లోపల పరుచుకుంది.

హన్మవ్వ స్తంభం దగ్గర నిలబడి ఉంది, గుడ్డసంచీ రెండు చేతులతో పట్టుకుని. జరిగినదంతా చూసింది, దగ్గరికి రాలేదు. అంజవ్వ మోకాళ్ల మీద చెయ్యి ఊని లేచి, తానే ఆమె దగ్గరికి నడిచింది.

"ఆనాడు నీ పొట్లం చింపిన. తప్పయింది హన్మవ్వా," అన్నది. "తెచ్చినవా?"

హన్మవ్వ సంచీలోంచి పొట్లం తీసింది. కొత్త బట్ట, కొత్త కుట్టు. మట్టిలో పడ్డదాని బదులు మళ్లీ దంచినట్టుంది, నిండుగా ఉంది. అంజవ్వ చెయ్యి చాపితే ఇవ్వలేదు. ఒక కొన పంటితో తెంపి, ముందు చూసుకో అక్కా అన్నది. ఎత్తిపొడిచినట్టు అనలేదు, మామూలుగానే అన్నది.

అంజవ్వ అరచేయి చాపింది. హన్మవ్వ కాసింత మసాలా ఆ చేతిలో పోసింది. అంజవ్వ వాసన చూడలేదు. నాలుకకు అద్దుకుని, కండ్లు మూసుకుని చప్పరించింది. గసగసాల పాలరుచి ఎక్కడా తగల్లేదు. వేయించిన పుట్నాలు తగిలాయి, కుడుక తగిలింది, దాని వెనుక మిరియాల ఘాటు గొంతులోకి దిగింది. దగ్గు వచ్చింది, కండ్లల్లో నీళ్లు తిరిగాయి. హన్మవ్వ తన సంచీలోంచి నీళ్ల సీసా తీసి, ఇద్దామా వద్దా అన్నట్టు సగం దూరంలో ఆపింది. అంజవ్వ ఆ సీసా గుంజుకుని గడగడా తాగింది.

"గసాలకు బదులు పుట్నాలేసినవా?"

"గసాలు కొనేటంత మాకేడిది అక్కా," అన్నది హన్మవ్వ.

రైలు కూత వినబడింది. ఇక అందరి చేతులూ సూట్‌కేసు మీద పడ్డాయి. గుండ్రటి ఖాళీలో హన్మవ్వ పొట్లం కూర్చుంది, పైన లుంగీలు, ఆ పైన గర్జెలు. తాడు ముక్కలను ముడేసి సిద్దిరాములే బిగించాడు. దేవేందర్ తల్లి కాళ్లకు మొక్కాడు, తండ్రికి మొక్కాడు, నవత తల మీద చెయ్యి పెట్టి ఏదో చెప్పాడు. ఎక్కేముందు హన్మవ్వకు కూడా మొక్కి, సుందర్‌కు ఏం చెప్పమంటావని అడిగాడు. మంచిగ తినమను అన్నది ఆమె. రైలు కనబడకుండా పోయేదాకా నవత చెయ్యి ఊపుతూనే ఉంది.

స్టీలు డబ్బా ప్లాట్‌ఫారం మీద మిగిలింది. దాన్ని చూస్తేనే అంజవ్వకు ఒళ్లు మండుతోంది. పట్టాల మీద పారబోస్తానని మూతి బట్ట విప్పబోయింది. హన్మవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నాకియ్యరాదక్కా. ఎల్లారెడ్డిల కస్టమ్స్ లేదు గద?"

అంజవ్వ ఆమె ముఖం వంక చూసింది. హన్మవ్వ నవ్వడం లేదు గాని నవ్వు పెదవి దాకా వచ్చి ఆగింది. డబ్బా ఆమె చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో నవత కిటికీ పక్క సీట్లో, మామ పక్కన కూర్చుని కండ్లు తుడుచుకుంటోంది. హన్మవ్వ అలవాటుగా చివరి సీటు వైపు నడవబోతే అంజవ్వ కొంగు పట్టి ఆపి, పక్కకు జరిగి చోటిచ్చింది. ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. డబ్బా హన్మవ్వ ఒళ్లో ఉంది. కామారెడ్డి దాటి పొలాలు మొదలయ్యాక హన్మవ్వ డబ్బా మూతి బట్ట విప్పింది. తలను కాస్త వెనక్కి వంచి, ముక్కు ముడిచి, అచ్చం నులకమంచం మీద కూర్చున్న మనిషిలాగే లోపలికి చూసింది.

"ఇందుల ఏమేమేసినవ్?" అని అడిగింది.

సిద్దిరాములు వెనక్కి తిరిగాడు. నవత కండ్లు తుడుచుకోవడం ఆపింది. అంజవ్వ కొంగు సర్దుకుని, ఆఫీసరు ముందు నిలబడిన మనిషిలాగా ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. ధనియాలన్నది, కుడుక అన్నది, సాజీర, లవంగాలు, చెక్క, యాలకులన్నది. ఆ పైమాట కోసం బస్సులో ముగ్గురూ ఆమె నోటివంక చూస్తున్నారు. ఆమె చెప్పకముందే హన్మవ్వకు నవ్వు ఆగలేదు.